హోవర్‌స్పీడ్‌ని ముంచింది టన్నెలేనా?

“ఇంగ్లిష్ ఛానెల్‌ని అరగంటలో దాటించిన హోవర్‌స్పీడ్ కంపెనీ ఎందుకు మూతపడింది? టన్నెల్ వల్లేనా? ఇప్పుడు హోవర్‌క్రాఫ్ట్ ఎక్కే వీలుందా?” అని అడిగారు. హోవర్‌క్రాఫ్ట్ అంటే కింద గాలి నింపుకుని నేల మీదా నీళ్ల మీదా తేలుతూ పోయే వాహనం.

సముద్రం అడుగున ఇంగ్లండ్, ఫ్రాన్స్‌లను కలిపే ఆ రైలు టన్నెల్ దెబ్బ కొట్టిన మాట నిజమే. కానీ అది 1994లో తెరుచుకుంటే, కంపెనీ 2005 నవంబర్ దాకా నడిచింది. అన్నాళ్లు ఎలా నెట్టుకొచ్చిందో నాకు 1999 మే నెలలో అర్థమైంది.

అప్పుడు నాకు లండన్‌లో ఉద్యోగం. మా ఆవిడా నేనూ ఇంగ్లండ్ రేవు డోవర్ నుంచి ఫ్రాన్స్‌లోని కాలేకి వెళ్లాం. (35 నిమిషాల ప్రయాణానికి వీసా లైన్లో నాలుగు గంటలు నిలబడ్డాం, అది వేరే కథ.) ఓడ నీళ్లలో ఉంటుందనుకుంటే, సిమెంటు నేల మీద పెద్ద బంగళా అంత యంత్రం చతికిలబడి కూర్చుంది. ఇంజన్లు అందుకోగానే చుట్టూ ఉన్న నల్ల రబ్బరు స్కర్ట్ గాలికి ఉబ్బి, మొత్తం మనిషెత్తు పైకి లేచింది. నెమ్మదిగా తిరిగి, జారుకుంటూ సముద్రంలోకి దిగింది. ఇక అంతే, కిటికీల నిండా తుంపర, బయట ఏమీ కనబడదు. హోరులో మాట వినబడక మా ఆవిడతో సైగలే.

ఇంతలో ఎయిర్ హోస్టెస్‌ల్లా ముస్తాబైన సిబ్బంది విస్కీ, సెంట్లు, సిగరెట్లు అమ్మకానికి తెచ్చారు. అరగంటలో ఎంత మందికి అమ్మారో! మా పక్క సీటు పెద్దాయన నాలుగు సిగరెట్ పెట్టెలు ఒళ్లో పెట్టుకుని, “టికెట్ డబ్బులు వీటి మీదే వచ్చేశాయి” అని చెవిలో అరిచాడు. ఆ టికెట్లు చవగ్గా దొరికిందీ ఈ సరుకు వల్లే. డ్యూటీ ఫ్రీ, అంటే పన్ను లేకుండా అమ్మే సరుకు మీద వచ్చే లాభమే చార్జీలను మోసేది. ఛానెల్ మీద తిరిగే ఫెర్రీలన్నిటిదీ దాదాపు అదే లెక్క.

ఈ కంపెనీకి మొదటి నుంచీ ఖర్చు బాధ ఉంది. ఆ పెద్ద హోవర్‌క్రాఫ్ట్‌లు 1968లో మొదలయ్యాయి. బ్రిటిష్ రైల్ వారి సీస్పీడ్, స్వీడన్ యజమానుల హోవర్‌లాయిడ్ రెండూ పోటీపడి నష్టపోయి, 1981లో కలిస్తే హోవర్‌స్పీడ్ అయింది. పెద్దరకం ఒక్కోటీ 418 మందిని, 60 కార్లను మోసేది. దాన్ని నడిపేది విమానాల్లో వాడిన ప్రోటియస్ గ్యాస్ టర్బైన్లు, నాలుగు! అవి తాగే ఇంధనానికి తోడు, అలల రాపిడికి స్కర్ట్ అరిగిపోతూనే ఉంటుంది. గాలివాన వస్తే సర్వీసే రద్దు. 1984లో మేనేజర్లు దీన్ని నామమాత్రపు ధరకు తీసుకున్నారు, 1986లో సీ కంటైనర్స్ అనే కంపెనీ కొంది. వాళ్లు తెచ్చిన సీక్యాట్ అనే జంట పొట్టల పడవ 1990లో అట్లాంటిక్‌ని 3 రోజుల 8 గంటల లోపే దాటి, అందరికన్నా వేగంగా దాటిన ప్రయాణికుల ఓడకిచ్చే హేల్స్ ట్రోఫీ కొట్టింది. పేరొచ్చింది.

టన్నెల్ రైలు కూడా 35 నిమిషాలే తీసుకుంటుంది, పైగా అలలుండవు. దాంతో వేగం అనే గొప్ప పోయింది. మేం వెళ్లొచ్చిన నెల తర్వాత, 1999 జూన్ 30తో యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య డ్యూటీ ఫ్రీ రద్దయింది. జనం కాలే వెళ్లి వైన్ కొనడం మానలేదు, కాకపోతే ఆ డబ్బు అక్కడి సూపర్ మార్కెట్లకు పోయింది. నా దృష్టిలో కంపెనీ నడుం విరిగింది అక్కడే. 2000 అక్టోబర్ 1న హోవర్‌క్రాఫ్ట్‌లు ఆగాయి, సీక్యాట్‌లతో ఇంకో ఐదేళ్లు లాగారు.

ఇక ఎక్కడం సంగతి. పోర్ట్స్‌మత్ పక్కన సౌత్‌సీ నుంచి ఐల్ ఆఫ్ వైట్ దీవిలోని రైడ్ అనే ఊరికి ఇప్పటికీ హోవర్‌క్రాఫ్ట్ ఉంది, పది నిమిషాల ప్రయాణం. చిన్నది, డీజిల్‌ది, కార్లు ఎక్కించరు. రైడ్‌లో ఆటు సమయంలో నీళ్లు చాలా దూరం వెనక్కి పోతాయి. మామూలు పడవ ఒడ్డుకు రాలేక అర మైలు పొడవున్న వంతెన చివర ఆగుతుంది. ఇదేమో తడి ఇసుక మీదుగా నేరుగా ఊళ్లోకి వచ్చేస్తుంది. వెళ్తే ఒడ్డున నిలబడి అది రావడం చూడండి, కళ్లద్దాలు మాత్రం తీసి జేబులో పెట్టుకోండి.