చూసి రావడానికా, ఒప్పించడానికా?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు, మావారికి 42. పాపకు 13, బాబుకు 7. పద్నాలుగేళ్లుగా టీచర్‌గా పనిచేస్తున్నాను. వేరే దేశం వెళ్లి స్థిరపడదామని మావారు రెండేళ్లుగా అంటున్నారు. నేను ఎటూ తేల్చకపోయేసరికి, "ముందు అందరం వెళ్లి మూడు వారాలు ఉండి చూసొద్దాం, నిర్ణయం తర్వాత" అన్నారు. సరేనన్నాను, టికెట్లు తీశారు. మొన్న ఆయన ఫోన్‌లో స్నేహితుడితో "ఒక్కసారి చూస్తే తనే ఒప్పుకుంటుందిలే" అనడం నా చెవిన పడింది. అప్పటి నుంచి సరిగ్గా నిద్ర లేదు. పాప "నేను రాను, నా ఫ్రెండ్స్ ఇక్కడే ఉన్నారు" అని గది తలుపు వేసుకుంటోంది. మాతోనే ఉండే అత్తగారు "నా గురించి ఆలోచించకండి" అంటారు గానీ, రాత్రిళ్లు ఏడుస్తున్నారు. వెళ్లొచ్చాక వద్దంటే ఇంత ఖర్చు పెట్టించి కాదన్నానంటారు. సరేనంటే ఉద్యోగం, ఇల్లు అన్నీ వదులుకోవాలి. అసలు ఈ ప్రయాణం పెట్టుకోవాలా? వెళ్తే ఏం చూడాలి?
— ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ మనసు ఫోన్‌లో విన్న ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. మిగతావన్నీ ఆ తర్వాతే.

ఒకరు చూడటానికి, ఇంకొకరు ఒప్పించడానికి బయల్దేరితే అక్కడ ఏం జరుగుతుందో నేను చాలా ఇళ్లలో విన్నాను. ఆయన ప్రతి మంచి వీధినీ, ప్రతి పార్కునీ చూపించి మీ ముఖంలోకి చూస్తారు. ఆ చూపుకి దొరకకూడదని మీరు ప్రతిదానిలో ఒక లోపం వెతుకుతారు. మూడు వారాలూ ఒకరినొకరు గమనించుకోవడంతోనే సరిపోతుంది. ఆ ఊరు ఎలా ఉందో ఇద్దరూ చూడరు.

అలాగని మీవారు మోసం చేస్తున్నారని నేననుకోవడం లేదు. ఒకదాన్ని బలంగా కోరుకునేవాళ్లకి అది చూసినవాళ్లందరికీ నచ్చుతుందనే నమ్మకం ఉంటుంది. ఆ మాటలో కుట్ర కంటే ఆశే ఎక్కువ వినిపిస్తోంది నాకు. మీరు కూడా ఒకసారి మీ మనసులోకి చూసుకోండి. "అక్కడి కష్టం కళ్లారా చూస్తే ఆయనే మానుకుంటారు" అన్న ఆలోచన మీకూ ఏ మూలైనా ఉందా? ఉంటే తప్పు లేదు. కాకపోతే అది కూడా ఆయన ముందు బయటపెట్టాలి.

పిల్లలు పడుకున్నాక ఆయనతో ఇలా అనండి: "మీరు ఫోన్‌లో అన్న మాట విన్నాను. గొడవ పడటానికి అడగడం లేదు. వెళ్లొచ్చాక నేను వద్దంటే ఆ మాట చెల్లుతుందా?" అడిగేసి ఆగండి. వెంటనే సర్దుబాటు మాటలు చెప్పకండి. ఆయన "చెల్లుతుంది గానీ" అని మొదలుపెడితే, ఆ "గానీ" తర్వాత వచ్చేదే మీరు రెండేళ్లుగా వినని మాట కావచ్చు. అడ్డుపడకుండా చివరిదాకా వినండి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఒక జంట నా దగ్గరికి ఇలాంటి సమస్యతోనే వచ్చారు. ఆయన ప్రతిసారీ "పిల్లల చదువు కోసం" అనేవారు. మూడోసారి కూర్చున్నప్పుడు అసలు విషయం తెలిసింది. ఆయన కింద పనిచేసిన వ్యక్తే ఇప్పుడు ఆయనకి పై అధికారి. ప్రతి ఉదయం ఆ ఆఫీసు మెట్లు ఎక్కడం ఆయనకి నరకంగా ఉంది. భార్యకి ఆ సంగతే తెలియదు. దేశం మారాలా వద్దా అన్నది తర్వాత. ఆ గాయం గురించి భార్యాభర్తలు మాట్లాడుకోవడం ముందు జరగాలి కదా. మీవారికి అలాంటిదేదో ఉందని నేను అనడం లేదు. రెండేళ్లుగా పట్టుబట్టారంటే మాత్రం, కారణం ఆయన నోటితో వినే హక్కు మీకుంది.

ఖర్చు సంగతి. ఇల్లు కొనేముందు కాగితాలు లాయర్‌కి చూపిస్తాం. తేడా ఉందని ఆయన చెబితే, ఫీజు దండగైందని బాధపడం, బతికిపోయామనుకుంటాం. ఈ టికెట్ల డబ్బు కూడా ఆ ఫీజు లాంటిదేనని బయల్దేరకముందే ఇద్దరూ ఒప్పుకోండి. "ఇంత పెట్టాం కాబట్టి వెళ్లిపోదాం" అనే మాట తిరిగొచ్చాక ఎవరూ అనకూడదు. ఇంకో పని కూడా చేయండి. ఏవి ఉంటే నేను సరేనంటాను, ఏవి ఉంటే వద్దంటాను అని ఎవరికి వారు విడిగా కాగితం మీద రాసుకుని కవర్‌లో పెట్టండి. తిరిగొచ్చి నెల గడిచాకే వాటిని తెరవండి. దిగిన వారంలోనే నిర్ణయం తీసుకోవద్దు. మన ఇంట్లో, మన మంచం మీద పడుకున్న మొదటి రాత్రి కూడా మనిషిని తప్పుదారి పట్టిస్తుంది.

ఈ మాటలన్నీ అయ్యాక ఆయన నిజాయితీగా ఒప్పుకుంటే తప్పకుండా వెళ్లండి. వెళ్లకుండా వద్దంటే ఆయనకి జీవితాంతం ఒక వెలితి మిగులుతుంది. చూడకుండా సరేనంటే అది మీకు మిగులుతుంది.

ఇక అక్కడ ఏం చూడాలి అన్నారు. కొత్త చోటు మొదట్లో అందరికీ అందంగానే కనబడుతుంది. పరాయి సంస్కృతిలోకి వెళ్లినవాళ్ల గురించి 1960లో రాసిన కలెర్వో ఓబెర్గ్ అనే మానవ శాస్త్రవేత్త ఈ తొలి దశకి హనీమూన్ అనే పేరే పెట్టారు. చిరాకు, ఒంటరితనం ఆ తర్వాత మొదలవుతాయి. మీ మూడు వారాలూ దాదాపు ఆ తొలి దశలోనే అయిపోతాయి.

1998లో డేనియల్ కానెమన్, డేవిడ్ ష్కేడ్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఒక అధ్యయనం చేశారు. ఎండ, సముద్రం ఉన్న కాలిఫోర్నియాలో చదివే విద్యార్థులనీ, చలి ఎక్కువగా ఉండే మధ్య పశ్చిమ రాష్ట్రాల విద్యార్థులనీ, మీ జీవితంతో మీరెంత తృప్తిగా ఉన్నారని అడిగారు. రెండు చోట్లా తృప్తి ఇంచుమించు ఒకేలా ఉంది. కానీ, మీలాంటివాళ్లు అవతలి ప్రాంతంలో ఎలా ఉంటారంటే మాత్రం, కాలిఫోర్నియాలోనే ఎక్కువ సంతోషంగా ఉంటారని రెండు వైపులవాళ్లూ అన్నారు. రెండు ఊళ్లని పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు కంటికి కొట్టొచ్చినట్టు కనబడే వాతావరణమే అందరి బుర్రలోనూ నిండిపోయింది. అక్కడే బతికేవాళ్లకి మాత్రం చదువు, స్నేహాలు, పని, ఆరోగ్యం, ఇంట్లోవాళ్లతో సంబంధాలు, ఇవే రోజుని నింపుతాయి. మీ ప్రయాణంలో కూడా మెరిసే రోడ్లు, శుభ్రమైన గాలి మొదట కళ్లలో పడతాయి. అవి అబద్ధం కాదు. కానీ అక్కడ మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకి మీరు ఏం చేస్తుంటారు, ఎవరితో మాట్లాడుతుంటారు అన్నదే మీరు తెలుసుకోవలసింది.

అందుకే పర్యాటకుల్లా తిరగకండి. గడియారం తేడాకి శరీరం అలవాటు పడటానికి సుమారుగా గంటకి ఒక రోజు పడుతుంది, కాబట్టి మొదటి కొన్ని రోజుల్లో ఏ అభిప్రాయానికీ రావద్దు. తెలిసినవాళ్ల ఇంట్లో దిగితే వాళ్ల ఆదరణలో కష్టం కనబడదు. కాబట్టి కనీసం పది రోజులైనా, అక్కడ మీకు రాబోయే జీతంతో నిజంగా ఉండగలిగే పేటలో చిన్న ఇల్లు అద్దెకి తీసుకోండి. కారు లేకుండా బజారుకి వెళ్లిరండి. బాబుకి జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేయాలి, డాక్టర్ ఎన్నాళ్లకి చూస్తారు అని ఆరా తీయండి. అన్నట్టు, చాలా దేశాల్లో ప్రభుత్వ వైద్యం సందర్శకులకి ఉచితంగా వర్తించదు, ప్రయాణ బీమా లేకుండా కదలకండి.

నన్ను అడిగితే, మొత్తం ప్రయాణంలో అన్నిటికంటే విలువైనవి రెండే రోజులు. ఒక రోజు పొద్దున మీవారు ఆఫీసుకి వెళ్తున్నట్టే ఇంట్లోంచి బయల్దేరి, ఆఫీసులు ఉండే ప్రాంతానికి బస్సులోనో రైల్లోనో వెళ్లి సాయంత్రం తిరిగి రావాలి. ఆ రోజంతా మీరు, పిల్లలు ఆ ఇంట్లో, ఆ వీధిలో గడపాలి. ఇంకో రోజు మీరు బయటికి వెళ్లాలి, ఆయన ఇంట్లో ఉండాలి. వలస వెళ్లిన మొదటి ఏడాది ఉద్యోగం ఉన్నవాళ్లకి ఆఫీసు, నలుగురు మనుషులు, ఒక గుర్తింపు దొరుకుతాయి. ఇంట్లో ఉండిపోయినవాళ్లకి గోడలు మిగులుతాయి. ఆ గోడల మధ్య మీవారు ఒక్క రోజు ఒంటరిగా కూర్చుంటే, మీరు రెండేళ్లుగా చెప్పలేకపోయింది ఆయనకి అర్థం కావచ్చు. మీకు అది అనుకున్నంత భయంగా లేదనీ తేలవచ్చు. అలా తేలితే ఆ మాట కూడా దాచుకోకుండా చెప్పండి.

ఏ కాలంలో వెళ్తున్నారో రాయలేదు. ఆ దేశం బాగా ఉత్తరాన ఉంటే ఇది చిన్న సంగతి కాదు. 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర జూన్‌లో పగలు 18 గంటలు దాటుతుంది, డిసెంబరులో సుమారు ఆరు గంటలే. చలికాలపు చీకటితో వచ్చే డిప్రెషన్‌ని డాక్టర్లు 1984 నుంచీ ప్రత్యేకమైన పేరుతో గుర్తిస్తున్నారు. వేసవిలో చూసి ఇష్టపడ్డ ఊరిని చలికాలంలోనూ చూడగలిగితే మంచిది. కుదరకపోతే, అక్కడ ఉంటున్న కుటుంబాల్లో ఆడవాళ్లని విడిగా కలిసి మొదటి చలికాలం ఎలా గడిచిందో అడగండి. భర్త పక్కన కూర్చుని ఉండగా వచ్చే జవాబు వేరు, వంటింట్లో మీతో చెప్పే జవాబు వేరు. పదిహేనేళ్లుగా ఉన్నవాళ్లకి మొదటి కష్టాలు గుర్తుండవు. రెండో ఏడాదిలో ఉన్నవాళ్లని అడగండి. వెళ్లి తిరిగొచ్చేసినవాళ్లు తెలిసి ఉంటే, బయల్దేరకముందే వాళ్లతోనూ మాట్లాడండి.

మీ ఉద్యోగం గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. పద్నాలుగేళ్ల పనిని అంత చిన్నగా చెప్పకండి. చాలా దేశాల్లో టీచర్‌గా పనిచేయాలంటే అక్కడి రిజిస్ట్రేషనో లైసెన్సో ఉండాలి. మీ డిగ్రీలని వాళ్లు పరిశీలించాలి, కొన్నిచోట్ల భాషా పరీక్ష కూడా రాయాలి. భర్త వీసా మీద వెళ్లే భార్యకి ఉద్యోగం చేసే అనుమతి ఉంటుందా లేదా అన్నది వీసా రకాన్ని బట్టి మారుతుంది. ఇవి ఎవరో చెప్పగా నమ్మవద్దు, ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరే చదవండి. అక్కడి రిజిస్ట్రేషన్ అధికారులకి ముందే మెయిల్ పెట్టి, కుదిరితే ఒకసారి కలవండి. ఇక్కడ రాజీనామా చేసే మాట రాకముందే దీర్ఘకాలిక సెలవు దొరుకుతుందేమో కనుక్కోండి. ఏ నిర్ణయం తీసుకున్నా మొదటి రెండేళ్లూ ఇల్లు అమ్మవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

విజిటర్ వీసా మీద వెళ్తున్నారు కాబట్టి, ఎందుకు వచ్చారని విమానాశ్రయంలో అడిగితే నిజమే చెప్పండి. స్థిరపడాలా వద్దా అని చూసుకోవడానికి వచ్చాం, ఫలానా రోజు తిరుగు టికెట్ ఉంది అనడంలో తప్పేమీ లేదు. ఆ వీసా మీద మీవారు ఏ చిన్న పనికీ ఒప్పుకోకూడదు. ఆ తప్పు తర్వాత పెట్టే దరఖాస్తులన్నిటినీ వెంటాడుతుంది.

పాప తలుపు వేసుకోవడాన్ని మొండితనం అనుకోకండి. తనని ఎవరూ అడగలేదు కాబట్టి తనకి తెలిసిన ఒకే పద్ధతిలో చెబుతోంది. ఏడేళ్ల పిల్లాడు ఆటల్లో పడి భాష నేర్చేసుకుంటాడు. పదమూడేళ్ల పిల్ల అలా కాదు. కొత్త భాషలో చదవాల్సి వస్తే మామూలుగా మాట్లాడటం సుమారు రెండేళ్లలో పట్టుబడినా, పాఠాల భాషలో తోటివాళ్లతో సమానం కావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పట్టవచ్చని జిమ్ కమిన్స్ అనే విద్యావేత్త దశాబ్దాల కిందటే చెప్పారు. అంటే పాప స్కూలు చదువు మొత్తం ఆ లోపలే అయిపోతుంది. అక్కడ బోధన ఆమెకి ఇప్పటికే వచ్చిన భాషలో ఉంటే ఈ బరువు చాలా తగ్గుతుంది. స్కూళ్లు తెరిచి ఉన్న రోజుల్లోనే వెళ్లేలా చూసుకోండి. ముందే అనుమతి అడిగి ఒకటి రెండు స్కూళ్లకి పాపని తీసుకెళ్లండి. ప్రశ్నలు తననే అడగనివ్వండి. ప్రతి సాయంత్రం "నచ్చిందా?" అని మాత్రం అడగొద్దు. వెళ్లాలా వద్దా అనేది తన మీద పెట్టకండి. ఎటు తిరిగినా "నావల్లే" అనుకునే బరువు ఆ వయసు మోయలేదు. "నీ మాట వింటాం, నిర్ణయం బాధ్యత మాది" అని ఇద్దరూ కలిసి చెప్పండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది అత్తగారి సంగతి. "నా గురించి ఆలోచించకండి" అన్న పెద్దావిడ గురించే ముందు ఆలోచించాలి. తల్లిదండ్రులని శాశ్వతంగా తీసుకెళ్లే వీసాలు చాలా దేశాల్లో పరిమితంగానే ఉంటాయి, ఏళ్ల తరబడి ఆగాల్సి వస్తుంది. తర్వాత తీసుకెళ్దాం అనే ముందు ఆ "తర్వాత" ఎప్పుడో తెలుసుకోండి. మీరు అక్కడ ఉండే మూడు వారాలు ఆవిడకి కూడా పరీక్షే. ఎవరు తోడుంటారు, మందులు ఎవరు తెచ్చిస్తారు, రాత్రి ఒంట్లో బాగోకపోతే ఎవరు వస్తారు అన్నది ఆ మూడు వారాల్లో తేలిపోతుంది. తిరిగొచ్చాక మీ అనుభవం చెప్పే ముందు, ఆవిడ రోజులు ఎలా గడిచాయో అడిగి, అది కూడా ఆ కవర్ల పక్కన పెట్టండి.

ఆవిడ ఏడుస్తున్న సంగతి మీవారికి తెలుసో లేదో మీరు రాయలేదు. తెలియకపోతే చెప్పండి. దెప్పినట్టు కాకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆవిడతో మాట్లాడాల్సింది కోడలు కాదు, కొడుకు. "అమ్మా, మేం వెళ్తే నీకెలా ఉంటుంది?" అని అడగడం ఆయనకి టికెట్లు తీసినంత తేలిక కాదు. ఆ రాత్రి ఆయన ఆవిడ గదిలోకి వెళ్లేటప్పుడు మీరూ వెంట వెళ్లి పక్కన కూర్చోండి.