చదివింది గుర్తుండటం లేదు... ఎంఆర్‌ఐ తీయించాలా డాక్టర్ గారూ?

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్లు. ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ, నీట్ కోచింగ్ కూడా. హాస్టల్ కాదు, ఇంటి నుంచే వెళ్తాడు. రాత్రి 11 దాకా టేబుల్ దగ్గరే ఉంటాడు, ఉదయం ఐదున్నరకు లేస్తాడు. చదివేటప్పుడు ఎదురుగా వీడియో క్లాసు, చెవుల్లో పాటలు, మధ్యలో వాట్సాప్ గ్రూపు, రీల్స్. అదేంట్రా అంటే "ఇది మల్టీటాస్కింగ్ అమ్మా, ఇప్పుడు అందరూ ఇంతే" అంటాడు. నిన్న చదివింది ఇవాళ అడిగితే తెల్లమొహం వేస్తున్నాడు. వీకెండ్ టెస్టుల్లో మార్కులు తగ్గాయి. ఫోన్ వల్ల మెదడు దెబ్బతిందేమో అని టెన్షన్‌గా ఉంది. ఎంఆర్‌ఐ తీయించాలా? జ్ఞాపకశక్తికి టానిక్ ఏమైనా వాడొచ్చా?
– ఓ తల్లి, పటమట, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు మీ భయం సంగతి చూద్దాం. మీరు రాసినదాన్ని బట్టి మెదడు దెబ్బతిందని అనుమానించాల్సిన లక్షణం నాకు ఒక్కటీ కనపడలేదు. ఇప్పుడు ఎంఆర్‌ఐ తీయిస్తే దాదాపుగా నార్మల్ అనే వస్తుంది. డబ్బు పోతుంది, "చూశావా, నాకేం లేదు" అని చూపించడానికి మీవాడికి ఓ కాగితం దొరుకుతుంది. టానిక్ కూడా వద్దు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడికి జ్ఞాపకశక్తి పెంచుతుందని గట్టిగా రుజువైన మందు లేదు. ఆ డబ్బాల మీద నేనైతే రూపాయి పెట్టను.

మీవాడు చదివింది మర్చిపోతున్నాడని మీరు అనుకుంటున్నారు. నాకేమో ఆ పాఠం అసలు లోపలికే వెళ్లలేదనిపిస్తోంది.

ఎందుకో మీ వంటింట్లోనే తెలుసుకోవచ్చు. ఉప్మా కలుపుతూ ఫోన్‌లో చెల్లెలితో హాయిగా మాట్లాడతారు. చేతికి అలవాటైన పని కాబట్టి దానికి పెద్దగా ధ్యాస అక్కర్లేదు. అదే కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతూ మాట్లాడి చూడండి. వచ్చింది మూడోదా, నాలుగోదా? లెక్క తప్పుతుంది. ధ్యాస పెట్టాల్సిన పనులు రెండు కలిస్తే మెదడు వాటిని పక్కపక్కన నడపలేదు, దీని మీది నుంచి దాని మీదికి, మళ్లీ వెనక్కి దూకుతూ ఉంటుంది. దూకిన ప్రతిసారీ ఎక్కడ ఆపామో వెతుక్కోవాలి, కాస్త సమయం పోతుంది, తప్పులూ పెరుగుతాయి. చేసేవాడికి మాత్రం రెండూ ఒకేసారి అవుతున్నట్టే ఉంటుంది.

అమెరికాలోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీ పరిశోధకులు 2006లో ఇంచుమించు ఈ కుక్కర్ విజిల్ ప్రయోగమే చేశారు. కొంతమంది యువతీయువకులకు కార్డులు చూపించి, వాటిని బట్టి వాన పడుతుందా ఎండ కాస్తుందా ఊహించడం నేర్పారు. ఒకసారి ప్రశాంతంగా నేర్పారు. ఇంకోసారి చెవుల్లో వచ్చే బీప్ శబ్దాలను లెక్కపెట్టమంటూ నేర్పారు. ఊహించడంలో రెండుసార్లూ ఇంచుమించు ఒకేలా చేశారు. కానీ తర్వాత అదే విషయాన్ని ఇంకో రకంగా అడిగితే, బీప్‌లు లెక్కపెడుతూ నేర్చుకున్నది సరిగ్గా అక్కరకు రాలేదు. స్కాన్‌లో చూస్తే ప్రశాంతంగా నేర్చుకున్నప్పుడు హిప్పోకాంపస్ పనిచేసింది. విషయాలను ఒకదానితో ఒకటి ముడిపెట్టి దాచుకునే చోటు అది. ధ్యాస చీలినప్పుడు పని స్ట్రయాటమ్ మీద పడింది. సైకిల్ తొక్కడం లాంటి అలవాట్లను పట్టుకునే భాగం అది.

మీవాడి టెస్టుల్లో జరుగుతున్నది ఇదేనని నా అనుమానం. మెటీరియల్‌లో ఉన్న బిట్టు ఉన్నట్టే వస్తే టిక్కు పెట్టేస్తాడు. కొంచెం తిప్పి అడిగితే ఆగిపోతాడు. నీట్‌లో తిప్పి అడిగేవే ఎక్కువ కదా.

ఈ మాటే ఓసారి చెబితే, రిటైరైన ఓ తెలుగు మాస్టారు నన్ను క్లినిక్‌లోనే నిలదీశారు. "మరి మన అష్టావధానులు ఎనిమిది పనులు ఎలా చేస్తున్నారయ్యా?" మంచి ప్రశ్న. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారు బందరులో పాఠాలు చెప్పిన ప్రాంతం మనది, అవధానం మనకేం కొత్త కాదు. కానీ సభలో జాగ్రత్తగా గమనించండి. అవధాని సమస్యాపూరణంలో (ఇచ్చిన పాదంతో పద్యం పూర్తిచేయడం) ఒక పాదం చెప్పి, దాన్ని అక్కడ ఆపి, దత్తపదికి (ఇచ్చిన పదాలతో పద్యం చెప్పడం) వెళ్తారు. అక్కడో పాదం చెప్పి పక్కవారి దగ్గరికి. అదీ వంతులవారీగా నడిచేదే! పైగా ఛందస్సు నాలుక మీద ఆడేదాకా ఏళ్ల తరబడి సాధన చేసి ఉంటారు. చివర్లో ధారణ ఉంటుంది, పూర్తిచేసిన పద్యాలన్నీ కాగితం చూడకుండా అప్పజెబుతారు. ఆ సభలో అడ్డదిడ్డమైన ప్రశ్నలతో ధ్యాస చెదరగొట్టడానికి అప్రస్తుత ప్రసంగం చేసేవారు ఒక్కరే ఉంటారు. మీవాడి ఫోన్‌లో అలాంటివాళ్లు ఓ రెండొందల మందైనా ఉండి ఉంటారు. ధారణ మాత్రం లేదు.

"మా జనరేషన్ వేరు, మాకు అలవాటే" అనే మాట కూడా నిలబడదు. 2009లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు ఒకేసారి నాలుగైదు రకాల మీడియా చూసే విద్యార్థులను, అంతగా చూడనివాళ్లను పోల్చారు. పనులు మార్చుకోవడంలో మొదటివాళ్లే చురుగ్గా ఉంటారనుకుంటాం. తీరా చూస్తే అందులోనూ, అక్కర్లేనిదాన్ని పక్కన పెట్టడంలోనూ వాళ్లే వెనకబడ్డారు. ఆ అలవాటు వల్ల ధ్యాస చెడిందా, ధ్యాస నిలవనివాళ్లకే ఆ అలవాటు అవుతుందా అన్నది ఆ అధ్యయనం తేల్చలేదు. తర్వాత చేసినవాటిలోనూ కొన్ని దీన్ని బలపరిచాయి, కొన్ని బలపరచలేదు. అందుకే ఫోన్ మెదడును తినేస్తుందని నేను అనను. చదివే గంటను మాత్రం తినేస్తుంది.

ఇక చేయాల్సినవి. ఫోన్ లాక్కోకండి. క్లాసులు, డౌట్లు, టెస్టు షెడ్యూళ్లు అన్నీ అందులోనే ఉన్నాయి. లాక్కుంటే గొడవ తప్ప ఏమీ మిగలదు. వీడియో క్లాసు చూడాల్సినప్పుడు ముందే డౌన్‌లోడ్ చేసుకుని, నెట్ ఆఫ్ చేసి, పెద్ద తెర మీద చూడమనండి. పుస్తకం తీశాక ఫోన్ హాల్లోనో మీ గదిలోనో ఉండాలి. టేబుల్ మీద బోర్లా పెడితే చాలదా అంటే, 2017లో అమెరికాలో చేసిన ఒక ప్రయోగంలో ఫోన్ పక్క గదిలో ఉన్నవాళ్లు, బల్లమీద బోర్లా పెట్టుకున్నవాళ్ల కన్నా పరీక్ష బాగా చేశారు. మళ్లీ చేసినప్పుడు అన్నిచోట్లా అదే ఫలితం రాలేదు కానీ, పక్క గదిలో పెట్టడానికి ఖర్చేమీ లేదు కదా. మధ్యలో ఏ డౌటో, ఫ్రెండ్‌కి చెప్పాల్సిన మాటో గుర్తొస్తే ఓ చీటీ మీద రాసుకుని, బ్రేక్‌లో ఒకేసారి పంపమనండి.

మొదట 25 నిమిషాలతో మొదలుపెట్టండి. వారం గడిచాక 40, ఆ తర్వాత గంట. నీట్‌లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. అయిదు నిమిషాలకోసారి తల తిప్పడం అలవాటైనవాడు అక్కడ మూడు గంటలు ఎలా కూర్చుంటాడు?

అన్నిటికన్నా ముఖ్యమైనది ధారణ. టాపిక్ అయిపోగానే పుస్తకం మూసి, గుర్తున్నది తెల్ల కాగితం మీద రాయాలి. 2006లో అమెరికాలోనే చేసిన ఇంకో ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెడితే, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లే ముందుకొచ్చారు. మొదటి రోజుల్లో సగం కాగితం కూడా నిండదు, మీవాడికి చిరాకొస్తుంది. రానివ్వండి.

పాటల విషయంలో నాకు పెద్ద పట్టింపు లేదు. లెక్కలు చేసేటప్పుడు సన్నగా వాయిద్య సంగీతం పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి. బోటనీ చదువుతూ మాటలున్న పాట మాత్రం వద్దు, రెండూ భాషే కాబట్టి ఒకదానికొకటి అడ్డుపడతాయి.

నిద్ర సంగతి మాత్రం నాకు నచ్చలేదు. 11కి పుస్తకం మూసిన నిమిషంలోనే నిద్రపోయినా అయ్యేది ఆరున్నర గంటలు. 13 నుంచి 18 ఏళ్లవాళ్లకు 8 నుంచి 10 గంటలు కావాలి. పగలు నేర్చుకున్నది మెదడులో స్థిరపడేది చాలావరకు నిద్రలోనే. పక్కమీద ఫోన్ ఎంతసేపు చూస్తాడో మీరు రాయలేదు, అది కనుక్కోండి. పదింటికి పడుకుంటే సిలబస్ వెనకబడుతుందనే భయం నాకు తెలుసు. ఆ చివరి గంటలో చదివింది ఎంత గుర్తుందో ఒక్క వారం కాగితం మీద చూడండి, తర్వాత మీరే నిర్ణయించుకోండి.

ఇంకో మాట, ఏమీ అనుకోకండి. గంటలో నాలుగుసార్లు తలుపు తీసి "పాలు తాగావా, ఎంతవరకు అయింది?" అని అడగడం కూడా నోటిఫికేషనే. మా ఇంట్లో ఈ తప్పు నేనే చేసేవాణ్ణి.

కొన్ని లక్షణాలుంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించాలి. మాట్లాడుతూ మాట్లాడుతూ కొన్ని సెకన్లు శూన్యంలోకి చూస్తూ పిలిచినా పలకకపోవడం (ఫిట్స్‌లో అదో రకం), ఉదయాన్నే తలనొప్పితో వాంతులు, నిద్రలో గట్టిగా గురక, ఎప్పుడూ నీరసం. చివరిదానికి రక్తహీనత, థైరాయిడ్, బీ12 పరీక్షలు అవసరం కావచ్చు. 12 ఏళ్ల లోపు నుంచే ఇంట్లోనూ బళ్లోనూ కుదురు లేకుండా ఉంటే ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవని సమస్య) ఉందేమో చూడాలి. రెండు వారాలకు పైగా దిగులుగా ఉండి, తిండి, నిద్ర, స్నేహితుల మీద ఆసక్తి పోతే దాన్ని బద్ధకం అని తిట్టకండి, మానసిక వైద్యుల్ని కలవండి. ఈలోపు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

ఇవేవీ లేకపోతే నెల రోజులు ఇలా చేసి చూడండి. అప్పటికీ తేడా లేకపోతే అబ్బాయిని ఒకసారి తీసుకురండి. వచ్చేటప్పుడు వాడు రాసిన ఆ తెల్ల కాగితాలు కూడా పట్టుకురండి, స్కాన్ అవసరమో కాదో వాటిని చూశాక మాట్లాడుకుందాం.

– న్యూరాలజిస్ట్, గుంటూరు