ఒక ఆకు కొరికితే ఇంకో ఆకుకి కబురెలా?

ప్రశ్న: పురుగు ఒక ఆకు కొరికితే మిగతా ఆకులకు తెలిసిపోతుందని చదివాను. ఆ కబురు మోసేది మన మెదడులో ఉండే పదార్థమేనట. అయితే మొక్కకు నొప్పి తెలుస్తున్నట్టే కదా మేడమ్?

జవాబు: మొదటి రెండూ నిజమే. మూడోది మాత్రం వాటిలోంచి తేలదు.

కాల్షియం పెరిగితే వెలిగే ప్రోటీన్ ఒకటుంది. దాని మూలం జెల్లీఫిష్. ఆ ప్రోటీన్ పెట్టిన మొక్కల్ని చీకటి గదిలో మైక్రోస్కోపు కింద చూడటమే కొన్నేళ్లు నా పని. ఆకును పట్టకారుతో నలిపితే అక్కడ ముందు మెరుస్తుంది. ఆ మెరుపు ఈనె వెంట కాడలోకి దిగి, ఇంకో ఆకు ఈనెలోకి ఎక్కుతుంది. సెకనుకు సుమారు ఒక మిల్లీమీటరు నడక. చూస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది, కాదనను.

2018లో మసత్సుగు టొయోటా, సైమన్ గిల్‌రాయ్ బృందం ఆవాల కుటుంబానికి చెందిన అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో దీన్ని చూపించింది. గాయమైన చోట గ్లుటమేట్ బయటికొస్తుంది. దాన్ని పసిగట్టే గ్రాహకాలు తెరుచుకుని కాల్షియం అల లేస్తుంది. అల చేరిన ఆకులో జాస్మోనిక్ ఆమ్లం అనే రక్షణ హార్మోన్ పెరిగి, పురుగుకు గిట్టని పదార్థాల తయారీ మొదలవుతుంది. మన నాడీకణాల మధ్య కబురు మోసేదీ గ్లుటమేటే. మీరు చదివింది ఇదే అయ్యుంటుంది.

ఇంతకీ మొక్కలకైనా, జంతువులకైనా కబురుకు ఈ కాల్షియమే ఎందుకు? కణం శక్తి వ్యవహారమంతా ఫాస్ఫేట్ మీద నడుస్తుంది. కాల్షియం ఎక్కువైతే ఫాస్ఫేట్‌తో కలిసి ఎముకలో ఉండేలాంటి గట్టి సరుకై కూర్చుంటుంది. అందుకే మొక్క కణమైనా, జంతు కణమైనా దాన్ని రాత్రింబవళ్లు బయటికి తోడేస్తూనే ఉంటుంది. లోపల ఉండేది బయటున్న దాంట్లో దాదాపు పదివేలో వంతు. అంత నిశ్శబ్దంలో తలుపు క్షణం తెరుచుకున్నా చాలు, ఇంట్లో గిన్నె కింద పడ్డట్టే. కణమంతా ఉలిక్కిపడుతుంది. 1883లో సిడ్నీ రింగర్ అనే ఇంగ్లండ్ వైద్యుడి ప్రయోగాల్లో కుళాయి నీళ్లతో కలిపిన ద్రావణంలో కొట్టుకున్న కప్ప గుండె, డిస్టిల్డ్ నీళ్లతో కలిపితే ఆగిపోయింది. కుళాయి నీళ్లలో ఉన్నదీ, ఇందులో లేనిదీ కాల్షియమే.

అదే కాల్షియం కండరంలో చొరబడితే కండరం ముడుచుకుంటుంది. ఆకులో అయితే పురుగు మీదికి మందు తయారవుతుంది. మనకు ‘పాలు’ ఒకచోట తాగేవి, ఇంకోచోట అన్నదమ్ముల వాటాలు. అణువులూ అంతే. వినే కణం ఏదో చూడకుండా అర్థం చెప్పలేం. గ్లుటమేట్ ఉన్నంత మాత్రాన నొప్పి ఉన్నట్టు కాదు. మొక్కలో నాడీకణమే లేదు, మెదడు సంగతి తర్వాత.

నేను చేరిన కొత్తలో ఒకరోజు, పట్టకారు ముట్టకముందే ఆకు వెలిగిపోయింది. ఏదో కనిపెట్టేశానని మా సీనియర్‌ని పరుగున పిలుచుకొచ్చాను. ఆవిడ ఒక్క చూపు చూసి, నా చేతిలోని సీసా పట్టుకుని చూశారు. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన నీళ్లు. చుక్క ఆకు మీద పడింది. తాకినా, చల్లగా తగిలినా కాల్షియం లేస్తుందని 1991లోనే పొగాకు మొక్కల్లో తేల్చారు, నేనే చదవలేదు. వెలుగు చూసి నొప్పి అనుకుంటే, ఆ చల్లనీళ్ల చుక్కకీ మొక్క ఏడ్చిందని రాసుకోవాల్సి వచ్చేది.