రిటైరైన డబ్బుతో ఫ్లాటు కొనాలా, మేడ వేయాలా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది కర్నూలు. మావారు ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశారు. పింఛను వస్తోంది. అది కాక గ్రాట్యుటీ, పీఎఫ్, సెలవుల డబ్బు కలిపి 45 లక్షలు చేతికి వచ్చాయి. నంద్యాల రోడ్డు వైపు రెండు పడకగదుల ఫ్లాటు 40 లక్షలకు ఉందని, నెలకు 11 వేలు అద్దె వస్తుందని ఒక మధ్యవర్తి చెబుతున్నాడు. స్థిరాస్తి ఉంటే ధైర్యమని మావారి మాట. మాకు సొంత ఇల్లు ఉంది, కింది అంతస్తు మాత్రమే. పైన ఒక పోర్షన్ వేయడానికి 14 లక్షలవుతుందని మేస్త్రీ అన్నాడు. అలాంటి పోర్షన్లకు మా వీధిలో 7,500 అద్దె ఇస్తున్నారు. ఏది మేలు? పిల్లలిద్దరూ బెంగళూరులో ఉన్నారు.
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: అమ్మా, ఫ్లాటు వద్దు. మేడ వేయండి. అంత తెగేసి ఎందుకు చెబుతున్నానో మీరిచ్చిన అంకెలతోనే చూద్దాం.

40 లక్షల ఫ్లాటు 40 లక్షలతో రాదు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రాష్ట్రంలో ఏడున్నర శాతం, అంటే 3 లక్షలు. ఫ్యాన్లు, అల్మరాలు, చిన్నాచితకా పనులకు ఇంకో లక్ష వేసుకోండి. మొత్తం 44 లక్షలు. అద్దె ఏడాదికి 1,32,000. ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు చేరేలోపు నెల ఖాళీగా పోతుందనుకుంటే 1,21,000. అందులో ఆస్తి పన్నుకు, రంగులకు, కుళాయిలకు ఒక 15 వేలు తీసేయండి. మిగిలేది 1,06,000. పెట్టిన డబ్బు మీద రెండున్నర శాతం కూడా నిలవదు.

ఇప్పుడు మేడ సంగతి. స్థలం మీదే కాబట్టి కొనాల్సిన పని లేదు, రిజిస్ట్రేషన్ ఖర్చూ లేదు. 7,500 చొప్పున ఏడాదికి 90 వేలు. ఒక నెల ఖాళీ, 7 వేలు మరమ్మతులు తీసేసినా 75,500 చేతికి వస్తుంది. 14 లక్షల మీద అది ఐదు శాతం పైమాటే. ఫ్లాటుకు రెట్టింపు.

మరి మిగతా డబ్బు? మీవారు 60 దాటిన వారే కదా, పోస్టాఫీసులోగానీ బ్యాంకులోగానీ సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో 25 లక్షలు వేయించండి. గరిష్ఠంగా 30 లక్షల దాకా వేయవచ్చు. నేను ఇది రాస్తున్న నాటికి వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకోసారి 51,250 ఖాతాలో పడుతుంది. మేడకు 15 లక్షలు ఉంచుకోండి, ఎందుకంటే మేస్త్రీ చెప్పిన అంచనా దగ్గర ఏ ఇల్లూ ఆగదు. తక్కిన 5 లక్షలు మీ ఇద్దరి పేరిట బ్యాంకులో డిపాజిట్టుగా ఉండాలి. ఈ 5 లక్షల విషయంలో నేను మొండిగా ఉంటాను. ఇళ్ల రుణాల విభాగంలో పనిచేసిన రోజుల్లో ఎందరో పెద్దవాళ్లను చూశాను: పేరుకు రెండు ఇళ్లు, ఆపరేషన్ అంటే చేతిలో రూపాయి లేదు, తొందరలో అమ్మబోతే కొనేవాడు అడిగిందే ధర. ఫ్లాటులో ఒక గది విడిగా అమ్మి ఆసుపత్రి బిల్లు కట్టలేం.

మీవారి మాటలో న్యాయం లేకపోలేదు. వడ్డీ పెరగదు, అద్దె పెరుగుతుంది, ఆస్తి విలువా పెరుగుతుంది. కానీ విలువ పెరిగేది నేలకు. ఫ్లాటులో మీ వాటాకు వచ్చే నేల కొద్ది గజాలే, తక్కినదంతా ఏటా పాతబడే గోడలు. మీ ఇంటి కింద ఉన్న స్థలం మాత్రం మొత్తం మీది. పైన పోర్షన్ వేస్తే ఆ ఆస్తే మరింత గట్టిపడుతుంది. ఇంకో మాట, అద్దె ఆదాయంలో కట్టిన ఆస్తి పన్ను పోగా మిగిలిన దానిలో 30 శాతం ఆదాయపు పన్ను లెక్క నుంచి మినహాయిస్తారు. మరమ్మతులకు మీరు నిజంగా ఎంత ఖర్చుపెట్టారో చూపనక్కరలేదు. వడ్డీకి ఆ సౌకర్యం లేదు.

మేడ వేసే ముందు ఒక ఇంజనీరుకు ఇల్లు చూపించండి. మేస్త్రీ మాట చాలదు. మన ఊళ్లో పాత ఇళ్లు చాలా వరకు రాతి గోడలవి, పిల్లర్లు ఉండవు. అలాంటి గోడల మీద పైఅంతస్తు బరువు వేయవచ్చో లేదో చూసి చెప్పవలసింది ఇంజనీరే. వేయకూడదంటే ఇంతటితో ఆపేయండి, డబ్బంతా డిపాజిట్లలోనే ఉండనివ్వండి. వేయవచ్చంటే నగరపాలక సంస్థలో ప్లాను అనుమతి తీసుకున్నాకే ఇటుక దించండి. అనుమతి లేని కట్టడానికి ఆస్తి పన్ను మీద అదనపు వడ్డన తప్పదు.

అద్దెకుండేవాళ్లు ఎందుకు వెళ్లిపోతారో తెలిస్తే ఎలా కట్టాలో తెలుస్తుంది. కర్నూలులో పైపోర్షన్లు ఎక్కువగా ఖాళీ అయ్యేది ఎండాకాలంలో. శ్లాబు నేరుగా ఎండకు మాడుతుంది, రాత్రి పదకొండైనా గోడ చల్లబడదు, చంటిపిల్లలున్న వాళ్లు తట్టుకోలేరు. శ్లాబు మీద నీరు దిగకుండా పూత వేయించి, పైన తెల్ల టైల్స్ పరిపించండి. పడమటి గోడకు కిటికీ పెడితే సజ్జా పొడుగ్గా ఉండాలి. అటువైపు పడకగది పెట్టకండి, వంటగదో బాత్రూమో రానివ్వండి. నేలకు బేతంచర్ల బండలు వేయించండి. ఖర్చు తక్కువ, కాలికి చల్లగా ఉంటాయి, పిల్లలు జారిపడరు. ఖరీదైన టైల్స్ వేసినందుకు ఎవరూ మీకు వెయ్యి ఎక్కువ ఇవ్వరు, నీళ్లు సరిగా వస్తే మాత్రం ఐదేళ్లు కదలరు. సుంకేసుల నీళ్లు తగ్గిన వేసవిలో ట్యాంకరు కోసం పరుగెత్తే ఇంట్లో ఎవరూ నిలవరు. అందుకే సంపు పెద్దది చేయించి, పైపోర్షన్‌కు వేరే ట్యాంకు పెట్టించండి.

మెట్లు బయటి నుంచి ఉండాలి. మీ హాలులోంచి వాళ్లు వచ్చిపోతుంటే మీకూ ఇబ్బందే, వాళ్లకూ ఇబ్బందే. కరెంటు మీటరు విడిగా తీసుకోండి. గృహ విద్యుత్తు ఛార్జీ శ్లాబుల వారీగా పెరుగుతుంది కాబట్టి రెండు కుటుంబాలు ఒకే మీటరు వాడితే యూనిట్లు పై శ్లాబుకు ఎక్కి ఇద్దరికీ బిల్లు బరువవుతుంది. నేను విన్న అద్దె తగాదాల్లో సగం ఈ ఉమ్మడి మీటరు దగ్గరే మొదలయ్యాయి.

ఒప్పందం రాసుకొని రిజిస్టరు చేయించండి. ఏడాదిలోపు లీజునైనా రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టానికి మన రాష్ట్రం 1999లో చేసిన సవరణ చెబుతోంది. 11 నెలలకు రాసుకుంటే ఆ ఖర్చు తప్పుతుందని చాలామంది అనుకుంటారు, మన దగ్గర అది చెల్లదు. రెండు నెలల అద్దె అడ్వాన్సు చాలు. అంతకంటే ఎక్కువ అడిగితే మంచి కుటుంబాలు వెనక్కి వెళ్లిపోతాయి. రంగులు ఎవరు వేయించాలి, ఏడాదికి అద్దె ఎంత పెంచాలి అన్నవి కాగితం మీద ఉండాలి. అద్దె బ్యాంకు ఖాతాలోనే వేయించుకోండి.

ఇంత చెప్పినా మీవారు ఇంకో ఇల్లు కొనాలనే పట్టుబడితే ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే పత్రం), లింకు దస్తావేజులు (ఆ ఆస్తి పాత క్రయ పత్రాలు), ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని 22-ఎ నిషేధిత జాబితాలో ఉందా అన్నది తప్పక చూడండి. తుంగభద్ర, హంద్రీ ఒడ్డు పేటల్లో అయితే 2009 అక్టోబరు వరదలో నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో ఆ వీధి పెద్దవాళ్లను అడగండి. మధ్యవర్తి ఆ సంగతి తనంతట తాను చెప్పడు.

ప్రశ్న: మా పైపోర్షన్‌ను పెద్దాసుపత్రిలో పనిచేసే ముగ్గురు నర్సులు అడుగుతున్నారు. ఇంట్లోవాళ్లు కుటుంబానికే ఇద్దామని, అందులోనూ మనవాళ్లకే ఇద్దామని అంటున్నారు. రెండు నెలలుగా ఖాళీగా ఉంది.
– ఒక పాఠకుడు, బుధవారపేట

జవాబు: బాబూ, ఆ అమ్మాయిలకే ఇవ్వండి. నెల జీతం, డ్యూటీకి నడిచి వెళ్లే దూరం, ముగ్గురూ పంచుకునే అద్దె. ఇంతకంటే నమ్మకమైన అద్దెదారులు ఈ ఊళ్లో మీకు దొరకరు. కులం అడిగి, మతం అడిగి, మాంసం తింటారా అని అడిగి గేటు దగ్గర నుంచే పంపేయడం నాకు ఎప్పుడూ సహించదు. మన ప్రాణం మీదికి వస్తే రాత్రంతా మేలుకొని సెలైన్ మార్చేది ఆ పిల్లలే. వాళ్లకు తల దాచుకునే చోటు ఇవ్వడానికి ఇన్ని విచారణలు తగవు. అడగవలసినవి మూడే: ఉద్యోగం గుర్తింపు కార్డు, ఆధార్ నకలు, ఇంటి పెద్దల ఫోను నంబరు. ముగ్గురి పేర్లూ ఒప్పందంలో రాయండి. ఒకరు బదిలీ అయి వెళ్లినా మిగతా ఇద్దరూ మొత్తం అద్దె కట్టాలన్న షరతు మరవకండి. రాత్రి డ్యూటీ నుంచి తెల్లవారుజామున వస్తారు కాబట్టి గేటు తాళంచెవి ఒకటి వాళ్ల దగ్గర ఉండనివ్వండి.