ఫార్మాట్ చేయమని అడుగుతున్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌తో ముందుగా ఏం చేయాలి?

పొదిలి నుంచి మీరు రాసిన ప్రశ్నను రెండుసార్లు చదివాను. రెండేళ్ళ కిందట కొన్న 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఒకసారి కనిపించి మరోసారి కనిపించకుండా పోతోందనీ, కనిపించినప్పుడు కూడా ఫార్మాట్ చేయమని అడుగుతోందనీ, నిన్న లోపలి నుంచి రెండు మూడుసార్లు టిక్కుటిక్కుమనే శబ్దం వచ్చిందనీ రాశారు. పిల్లల చిన్ననాటి ఫోటోలూ, ఇప్పుడు లేని మీ నాన్నగారి షష్టిపూర్తి వీడియో అందులోనే ఉన్నాయి, వేరే కాపీ లేదు. షాపువారు విండోస్‌లో డిస్క్ లోపాలు వెతికి సరిచేసే చెక్‌డిస్క్ అనే ప్రోగ్రామ్ నడిపితే బాగవుతుందన్నారు, నడపవచ్చా అని అడిగారు. ఇప్పుడు నడపవద్దండీ. ఫార్మాట్ పెట్టె వచ్చిన ప్రతిసారీ క్యాన్సిల్ నొక్కండి, ‘స్కాన్ చేసి సరిచేయమంటారా’ అని అడిగినా వద్దనే చెప్పండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, ఇదే పని చేసి ఒక కుటుంబం వారి పెళ్ళి ఫోటోలు పోగొట్టినవాణ్ణి నేను.

నెల్లూరులో పదిహేడేళ్ళుగా ఫోటో స్టూడియో నడుపుతున్నాను. 2018లో ముహూర్తాలు ఒకదాని వెంట ఒకటి ఉండడంతో జొన్నవాడలో తీసిన ఒక పెళ్ళిని 2 టీబీ డిస్క్‌లోకి ఎక్కించి, కెమెరా కార్డులు ఖాళీ చేసి మరుసటి పెళ్ళికి తీసుకుపోయాం. నాలుగో రోజు మా కుర్రవాడు, “అన్నా, డిస్క్ ఏందో ఫార్మాట్ అడగతా ఉండాది” అని చూపించాడు. చెక్‌డిస్క్‌ను, చెడిన సెక్టార్లను, అంటే డేటా నిలవ ఉండే చిన్న చిన్న గడులను, కూడా వెతకమని చెప్పి, రాత్రి నడవనిచ్చి ఇంటికి వెళ్ళిపోయాను. తెల్లవారి వచ్చి చూస్తే డిస్క్ తెరుచుకుంది, కానీ ఫోల్డర్ల పేర్లు లేవు. ‘ఫౌండ్’ అనే ఒక కొత్త ఫోల్డర్‌లో పేర్లు పోయి, వరుస సంఖ్యలు మాత్రమే మిగిలిన ఫైళ్ళు వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో చాలా ఫోటోలు సగం వరకు బాగుండి, అక్కడి నుంచి బూడిదరంగుగా ఉన్నాయి. జీలకర్ర బెల్లం పెట్టిన ఘట్టంలో ఒక్క ఫోటో కూడా పూర్తిగా దక్కలేదు. ఆ సంగతి పెళ్ళికూతురి తండ్రికి చెప్పడానికి వెళ్ళిన సాయంత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది. చివరికి బంధువుల ఫోన్లలో ఉన్న ఫోటోలు సేకరించి ఆల్బమ్ చేసి ఇచ్చాం.

ఆ రాత్రి ఏం జరిగిందో తర్వాత నేర్చుకున్నాను. చెక్‌డిస్క్ చేసే పని ఫైల్ సిస్టమ్‌ను, అంటే ఏ ఫైలు ఎక్కడ ఉందో చెప్పే పట్టికను, పొందికగా ఉంచడం. మీ ఫోటోను కాపాడడం దాని బాధ్యత కాదు. చదవడానికి రాని చోట పట్టికలోని ఆ వరుసను కొట్టివేసి, మిగిలినదాన్ని ఒద్దికగా సర్దుతుంది. ఆ సర్దుబాటును అదే డిస్క్ మీద రాస్తుంది కాబట్టి వెనక్కి తీసుకునే దారి ఉండదు. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. చెడిన సెక్టార్లు వెతకమన్నప్పుడు అది మొదటి నుంచి చివరిదాకా ప్రతి చోటునూ చదువుతుంది, రాని చోట మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. డేటా ఉండే పళ్ళెం మీద కొన్ని నానోమీటర్ల ఎత్తున మాత్రమే తేలుతూ దాన్ని చదివే హెడ్డు అప్పటికే బలహీనపడి ఉంటే, దానితో రాత్రంతా చాకిరీ చేయించినట్లే. చదవలేక పక్కన పెట్టిన సెక్టార్ల లెక్క నా డిస్క్‌లో సాయంత్రం 24 ఉండగా ఉదయానికి వెయ్యి దాటింది. చెడిపోతున్న డిస్క్‌కు ఇంకా ఎన్ని గంటల ఆయుష్షు ఉందో మనకు తెలియదు కనుక, ఉన్న గంటలను మరమ్మతుకు కాక కాపీకి ఖర్చు పెట్టాలని నేను అందరికీ చెబుతున్నాను.

అయితే మీ డిస్క్ నిజంగా చెడిపోతోందని ఇంకా తేలలేదు. 2022లో మా స్టూడియోలోనే మరో డిస్క్ మీరు చెప్పినట్లే వచ్చి పోతూ ఉంటే భయపడిపోయాం, కేబుల్ మార్చిన వెంటనే కుదుటపడింది, ఈనాటికీ పనిచేస్తోంది. యూఎస్‌బీ 3.0 పోర్టబుల్ డిస్క్‌లలో చాలావాటికి ఉండే వెడల్పాటి పలుచని పిన్ను తొందరగా వదులవుతుంది. డిస్క్‌ను కదపకుండా బల్ల మీద ఉంచి, వేరే కేబుల్‌తో, వీలైతే పొట్టి కేబుల్‌తో, ఒకసారి పెట్టి చూడండి. హబ్బు వద్దు, సీపీయూ ముందువైపు పోర్టూ వద్దు, వెనకవైపు మదర్‌బోర్డు మీదనే ఉండే పోర్టు వాడండి. చిన్న డిస్క్‌లకు వేరే అడాప్టర్ ఉండదు, తిరగడానికి కావలసిన కరెంటంతా ఆ కేబుల్ నుంచే రావాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం 500 మిల్లీ యాంపియర్లే ఇస్తుంది, 3.0 పోర్టు 900 ఇస్తుంది. చాలని కరెంటుతో మోటారు తిరగబోయి ఆగినప్పుడు కూడా బీప్ లాంటి శబ్దమో టిక్కుమనే శబ్దమో వస్తుంది, దాన్ని విని డిస్క్ పోయిందనుకునేవారు చాలామంది. మీరు దీన్ని సినిమాల కోసం టీవీకి పెట్టేవారమని కూడా రాశారు. టీవీ పోర్టులు చాలావరకు తక్కువ కరెంటు ఇచ్చేవే, పైగా మనం టీవీని గోడ దగ్గరి స్విచ్‌తో ఆపేస్తాం. రాత జరుగుతున్న సమయంలో అలా కరెంటు పోతే, డిస్క్ ఎంత ఆరోగ్యంగా ఉన్నా పట్టిక పాడై, ఇలాగే ఫార్మాట్ చేయమని అడుగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వాయుగుండాల రోజుల్లో మన రెండు జిల్లాల్లో కరెంటు ఎలా వచ్చి పోతుందో మీకు తెలిసిందే, నా దగ్గరికి వచ్చే డిస్క్‌లలో ఎక్కువ ఆ నెలల్లోనే వస్తాయి.

ఈ ప్రయత్నానికి ఐదు నిమిషాలు చాలు. కేబుల్ రెండు, పోర్టులు రెండు మార్చి చూశాక ఆపేయాలి. పదేపదే తీసి పెట్టడం కూడా డిస్క్‌కు శ్రమే, ఎందుకంటే నిలబడి ఉన్న మోటారు మళ్ళీ వేగం అందుకోవడమే దానికి అన్నిటికంటే బరువైన పని.

డిస్క్ నిలకడగా కనిపిస్తే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ తెరవండి. డిస్క్ తన గురించి తాను రాసుకునే స్మార్ట్ లెక్కలను అది చూపిస్తుంది, డిస్క్ మీద ఏమీ రాయదు. నీలం రంగు బాగున్నట్లు, పసుపు జాగ్రత్త పడమన్నట్లు, ఎరుపు చెడిపోయినట్లు. రంగు ఒక్కటే చూసి వదలకుండా 05, సీ5, సీ6 అనే మూడు వరుసలు చూడండి. 05 అంటే చెడిపోయినందున బదులు చోటికి మార్చిన సెక్టార్లు, సీ5 అంటే చదవలేక తీర్పు కోసం పక్కన పెట్టినవి, సీ6 అంటే పరీక్షలో కూడా సరికానివి. మూడూ సున్నా అయితే కొంత ఊపిరి పీల్చుకోవచ్చు. ఆ అంకెలు మామూలు లెక్కలో కాక హెక్సాడెసిమల్‌లో కనిపిస్తాయి కనుక చివర 10 అని ఉంటే అది పదహారు. కేబుల్ లోపానికి సీ7 చూడమని కొందరు చెబుతారు గానీ, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఆ లెక్క పెట్టె లోపలి అనుసంధానానికి సంబంధించినది, బయటి యూఎస్‌బీ కేబుల్ తప్పు అందులో పడదు.

సీ5 విషయంలో ఒక మోసం ఉంది, షాపుల్లో ‘ఫార్మాట్ కొట్టగానే బాగైంది’ అనే మాట అందులోంచే పుడుతుంది. పక్కన పెట్టిన సెక్టార్ మీద కొత్తగా ఏదైనా రాస్తే, ఆ రాత నిలిచిందా లేదా చూసి డిస్క్ ఆ చోటును వాడుకుంటుంది, లేకపోతే బదులు చోటిని ఇస్తుంది. రెండు విధాలా సీ5 తగ్గిపోతుంది. పూర్తి ఫార్మాట్ చేసినప్పుడు జరిగేది అదే. లెక్క శుభ్రంగా సున్నా అవుతుంది, ఆ చోట ఉన్న ఫోటో శాశ్వతంగా పోతుంది. అలాగే నీలం రంగును కూడా నూటికి నూరుపాళ్ళు నమ్మవద్దు. లక్షకు పైగా డిస్క్‌లను గమనించి గూగుల్ పరిశోధకులు 2007లో ప్రచురించిన పత్రంలో, చెడిపోయిన డిస్క్‌లలో 56 శాతానికి పైగా డిస్క్‌లకు, ముఖ్యమైన నాలుగు స్మార్ట్ లెక్కల్లో ఒక్కటి కూడా ముందుగా కదలలేదని తేలింది. కనుక అంకెలు చెడుగా ఉంటే నమ్మండి, బాగుంటే మాత్రం కాపీ పని వాయిదా వేయకండి.

ఫోల్డర్లు తెరుచుకునే స్థితి వస్తే ముందుగా కావలసినది ముందు కాపీ చేయండి. నాన్నగారి వీడియో మొదట, పిల్లల ఫోటోలు తర్వాత, సినిమాలు అసలు ముట్టుకోవద్దు. మొత్తాన్ని ఒకేసారి లాగితే ఒక చెడిన ఫైలు దగ్గర ఆగిపోయి మిగతాదంతా నిలిచిపోతుంది, అందుకే ఫోల్డర్‌కు ఫోల్డర్‌గా తీయాలి. ఒక ఫైలు దగ్గర ఇరుక్కుంటే దాన్ని వదిలేసి ముందుకు వెళ్ళండి.

తెరుచుకోకుండా ఫార్మాట్ మాత్రమే అడుగుతూ ఉంటే, ఆ డిస్క్ మీద రికవరీ ప్రోగ్రాములు నడపడం కాదు, ముందు దానికి అచ్చు, అంటే డిస్క్ మొత్తానికి ఉన్నదున్నట్లు కాపీ, తీయాలి. నేను విండోస్‌కు బదులు వాడే లైనక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ వాడతాను. మీ ఊళ్ళో లైనక్స్ తెలిసిన ఇంజనీరింగ్ విద్యార్థి ఎవరైనా ఉంటే వారి సాయం తీసుకోండి. తేలికగా చదవగలిగిన భాగాలన్నిటినీ అది మొదటి విడతలో తీసేసుకుని, మొరాయించిన చోట్లను దాటేసి, చివరికి వాటి దగ్గరికి తిరిగి వస్తుంది. చెక్‌డిస్క్ లాగా మొదటి గాయం దగ్గరే కూర్చుని డిస్క్‌ను అరగదీయదు. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది, అందుచేత కరెంటు పోయినా, డిస్క్ వేడెక్కిందని మీరే ఆపినా, మళ్ళీ అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ మ్యాప్ ఫైలు పేరు ఇవ్వడం మాత్రం మరచిపోకూడదు. అచ్చు పడే డిస్క్ 1 టీబీ కంటే పెద్దదై ఉండాలి, పాత డిస్క్‌ను తెరవకుండా, అంటే మౌంట్ చేయకుండా ఉంచాలి, ఏది పాతది ఏది కొత్తది అన్నది పరిమాణమూ సీరియల్ నంబరూ చూసి నిర్ధారించుకోవాలి. పాత డిస్క్, కొత్త డిస్క్ తారుమారైతే ఖాళీ డిస్క్ వెళ్ళి మీ ఫోటోల మీద పరుచుకుంటుంది. యూఎస్‌బీ 2.0 పోర్టులో సెకనుకు సుమారు 30 ఎంబీ చొప్పున ఆరోగ్యంగా ఉన్న 1 టీబీకే తొమ్మిది గంటలు పైబడుతుంది, కాబట్టి 3.0 పోర్టు వాడి, సిస్టమ్‌ను యూపీఎస్ మీదో ఇన్వర్టర్ మీదో పెట్టండి. అచ్చు చేతికి వచ్చాక టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ లాంటి రికవరీ ప్రోగ్రాములు, చివరికి చెక్‌డిస్క్ అయినా సరే, ఆ అచ్చుకు మరో కాపీ తీసి దాని మీద ఎన్నిసార్లయినా ప్రయత్నించవచ్చు. 2018లో నేను చేయవలసింది ఇదే.

ఇక ఆ శబ్దం. కేబుల్, పోర్టు మార్చాక మళ్ళీ రాకపోతే పైన చెప్పిన దారిలో వెళ్ళండి. గడియారంలా సమానమైన ఎడంతో టిక్కు, టిక్కుమని వస్తూ డిస్క్ కనిపించకపోతే, హెడ్డు తన చోటు వెతుక్కోలేక వెనక్కి వచ్చి మళ్ళీ ప్రయత్నిస్తోందని అర్థం. గీసుకుంటున్న శబ్దం వస్తే ఇంకా ప్రమాదం. ఆ రెండింటిలో ఏది విన్నా వెంటనే పిన్ను తీసేసి, అంతటితో ఆపండి. పెట్టె విప్పించవద్దు, పళ్ళెం మీద పడే సన్నని దుమ్ము రేణువే హెడ్డుకు బండరాయి. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పనిచేస్తుందనే మాటను మన వాతావరణంలో అసలు పట్టించుకోవద్దు. చల్లబడిన డిస్క్‌ను ఉక్కలోకి తీయగానే చెంబు మీద పట్టినట్లే దాని మీదా చెమ్మ పడుతుంది. లోపలి డిస్క్‌ను తీసి వేరే కేసులో వేస్తామనే షాపువారికి కూడా ముందే అడ్డు చెప్పండి, కొన్ని కంపెనీల డిస్క్‌లలో యూఎస్‌బీ పిన్ను డిస్క్ సొంత బోర్డు మీదనే ఉంటుంది, కొన్నిటిలో డేటా ఆ బోర్డు ద్వారానే ఎన్‌క్రిప్ట్ అయి, అంటే అది లేకుండా చదవడానికి రాని రహస్య రూపంలో, ఉంటుంది.

అప్పుడు మిగిలేది శుభ్రమైన గదిలో డిస్క్‌లు విప్పే రికవరీ ల్యాబు. నేను ఒకసారి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్ళి ఒక డిస్క్ ఇచ్చాను, ఇరవై వేలకు పైగా అయింది. ఇచ్చే ముందు మూడు విషయాలు కాగితం మీద రాయించుకోండి: పరీక్షకు ఎంత తీసుకుంటారు, డేటా రాకపోతే ఎంత తీసుకుంటారు, డబ్బు కట్టే ముందు దక్కిన ఫైళ్ళ జాబితా చూపిస్తారా. డిస్క్‌ను గుడ్డలో కాక స్పంజి పెట్టిన గట్టి డబ్బాలో తీసుకువెళ్ళండి, కిందపడిందా, తడిసిందా అన్నది దాచకుండా చెప్పండి, వాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలో దాన్నిబట్టే నిర్ణయిస్తారు.

కేబుల్ మార్చి చూశాక 05, సీ5, సీ6 ఎదురుగా ఉన్న అంకెలనూ, శబ్దం మళ్ళీ వచ్చిందా లేదా అన్నదీ ఈ జవాబు కిందనే రాయండి. స్టూడియో మూసిన తర్వాత, రాత్రి తొమ్మిది దాటాక చూసి తర్వాతి అడుగు చెబుతాను. అప్పటిదాకా డిస్క్‌ను టీవీకి పెట్టకుండా పక్కన ఉంచండి.