గుట్టు చోక్ కేబుల్ దగ్గరే ఉంది

కొత్త బ్యాటరీ వేసినా మీ పాత జీపు సెల్ఫ్ నీరసంగా తిరుగుతోంది, అప్పుడే చోక్ కేబుల్ (డ్యాష్‌బోర్డు నుంచి కార్బురేటర్‌కి వెళ్లే సన్నటి తీగ) వేడెక్కుతోంది అన్నారు. ఆ రెండో ముక్కే గుట్టు విప్పేసిందండీ! రీస్టోర్ చేసేటప్పుడు బండి అడుగు ఫ్రేమైన ఛాసిస్‌కి మందంగా పెయింట్ వేయించి, ఎర్త్ పట్టీ (కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి) దానిమీదే బిగించి ఉంటారు. పెయింట్ అడ్డుపడి ఇంజన్‌కి సరైన ఎర్త్ అందక, కరెంటు ఆ సన్నటి కేబుల్ గుండా తిరిగొస్తోంది.

ముందు బ్యాటరీ ఎర్త్ కనెక్షన్ తీసేయండి. పట్టీ బోల్టు విప్పి, ఇనుము తళతళలాడేదాకా ఎమరీ పేపర్‌తో రుద్ది, బిగించాక పైన గ్రీజు పూయండి. ఇంజన్‌కీ ఛాసిస్‌కీ మధ్య పట్టీ అసలుందా? చాలామంది మరిచిపోయేది అదే. తర్వాత బ్యాటరీ కనెక్షన్ తిరిగి పెట్టి, ఒకరు సెల్ఫ్ కొడుతుండగా ఇంజన్ బ్లాకుకీ బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టండి. 0.5 వోల్టు దాటితే ఇంకా ఎక్కడో కనెక్షన్ సరిగా లేనట్టే.

సెల్ఫ్ మోటార్ మాత్రం ఇప్పుడే కొనకండి.