ఆయాసం వచ్చినప్పుడే ఇన్‌హేలర్ వాడితే సరిపోదా?

పర్లాకిమిడి నుంచి ఒకరు అడిగారు: నాన్నకి 52 ఏళ్లు, ఉబ్బసం తక్కువగానే ఉంది. ఆయాసం వస్తే సాల్బుటమాల్ పీలుస్తారు, తగ్గిపోతుంది. మరి బరంపురంలో డాక్టరు స్టెరాయిడ్ కలిసిన ఇన్‌హేలర్ ఎందుకు రాశారు?

సరిగ్గానే రాశారండి. సాల్బుటమాల్ బిగుసుకున్న శ్వాసనాళాలను వదులు చేస్తుంది, అంతే. లోపలి వాపు అలాగే ఉండిపోతుంది, దాన్ని తగ్గించేది స్టెరాయిడే. ఆ వాపే ఏదో ఒక రాత్రి ముదిరి ఆసుపత్రికి పరుగెత్తిస్తుంది. తక్కువ ఉబ్బసం ఉన్నవాళ్లకీ ఇలా జరుగుతుంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

2018లో సిగ్మా పేరుతో రెండు పెద్ద ట్రయల్స్ ఫలితాలు వచ్చాయి. తేలికపాటి ఆస్తమా ఉన్న, 12 ఏళ్లు నిండినవాళ్లను ఏడాదిపాటు గమనించారు. మొదటి ట్రయల్‌లో అవసరమైనప్పుడు బుడెసొనైడ్ (స్టెరాయిడ్), ఫార్మోటెరాల్ (శ్వాసనాళాలను వదులు చేసే మందు) కలిపి పీల్చినవాళ్లకి తీవ్రమైన ఎటాక్‌లు 64 శాతం తగ్గాయి. పోల్చింది సాల్బుటమాల్ కోవకే చెందిన టెర్బుటలైన్ ఒక్కటే పీల్చినవాళ్లతో. 2019లో ఉబ్బసం చికిత్సకి సూచనలిచ్చే అంతర్జాతీయ సంస్థ గీనా కూడా, పెద్దలకి సాల్బుటమాల్ లాంటివి మాత్రమే ఇచ్చి ఊరుకోవద్దని చెప్పింది.

స్టెరాయిడ్ అంటే టెన్షన్ సహజం. కానీ మాత్రల్లో మిల్లీగ్రాముల్లో ఉండే మందు ఇక్కడ మైక్రోగ్రాముల్లో, నేరుగా ఊపిరితిత్తులకి వెళ్తుంది. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత రావచ్చు.

రోజూ వాడాలా, అవసరానికా అన్నది డాక్టరునే అడగండి. శ్రీకాకుళంలోనో విశాఖలోనో చూపిస్తే, బరంపురంలో రాసిన చీటీ, ఇన్‌హేలర్ రెండూ పట్టుకెళ్లండి. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేనంత ఆయాసం వస్తే మాత్రం ఆగకుండా దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లండి.